పాలమూరు ఎండకు ఏ చిన్న విమానం తట్టుకుంటుంది? తొమ్మిది సీట్ల లెక్క

పోయిన ఎండాకాలం మా మేనబావ ఫోన్ చేశాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న ఆయన స్నేహితుడొకరు, జడ్చర్లలో గోదాములున్న ఇంకొకరు, మరో ఆరేడుగురు కలిసి చిన్న విమానం కొని సర్వీసు నడపాలని మాట్లాడుకుంటున్నారట. "బావా, ఇటలీది కొత్తది వచ్చిందంట గదా, రెండు ఇంజిన్లు, తొమ్మిది సీట్లు, పెట్రోల్ లెక్కనే నడుస్తదంట. గదే మంచిగుంటదా, ఇంకేమన్న చూడాల్నా?" అని అడిగాడు. నేను బేగంపేటలో పద్నాలుగేళ్లు చిన్న విమానాల మెయింటెనెన్స్ చేసినవాణ్ని, సొంతూరు నల్లగొండ పక్కనే, కాబట్టి ఆ ప్రశ్న నాకు ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. ఫోన్‌లో తెగలేదు. కాగితం మీద పెడితే ఇంత అయింది.

ఆయన చెప్పిన ఇటలీ విమానం టెక్నామ్ పీ2012 ట్రావెలర్. దాన్ని నాలుగింటితో పోల్చి చూద్దాం: బ్రిటన్ వాళ్ల ఐలాండర్, అమెరికా సెస్నా గ్రాండ్ కారవాన్, మన కాన్పూర్‌లో హెచ్ఏఎల్ కట్టే డోర్నియర్ 228, ఆస్ట్రియా కంపెనీ డైమండ్ వాళ్ల డీఏ62.

ముందు రూటు తేల్చుకోండి

మహబూబ్‌నగర్ నుంచి గానీ నల్లగొండ నుంచి గానీ హైదరాబాద్‌కు విమానం అనే ఆలోచన వదిలేయండి. పాలమూరు నుంచి షంషాబాద్ ఎనభై, తొంభై కిలోమీటర్లు, నల్లగొండ నుంచి ఊళ్లోకి వంద. కారులో పోయే సమయం విమానం ఎక్కి దిగడానికే సరిపోతుంది. అర్థమున్న రూట్లు తిరుపతి, బెంగళూరు, విశాఖ. మహబూబ్‌నగర్ నుంచి తిరుపతికి గాలిలో గీత గీస్తే 380 కిలోమీటర్లు, బెంగళూరు 390 పైచిలుకు. నల్లగొండ నుంచి తిరుపతి కూడా 380 దగ్గరే, విశాఖ 425. ఇప్పుడు తిరుపతికి పోవాలంటే రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున దిగుతాం, అదీ రిజర్వేషన్ దొరికితే. గంటకు 320 కిలోమీటర్లు పోయే విమానమైతే టాక్సీయింగ్, ఎక్కడం, దిగడం అన్నీ కలిపి గంటన్నర లోపే.

విమానాశ్రయం సంగతి కూడా తెలిసి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం చిన్న విమానాశ్రయాలకు అనుకున్న ఆరు చోట్లలో దేవరకద్ర వైపు గుడిబండ ఒకటి. షంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదనే నిబంధన ఉంది. షంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ కంపెనీ వరంగల్ మామునూరుకు అభ్యంతరం లేదని ఒప్పుకున్నాకే 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. పాలమూరు, నల్లగొండ రెండూ ఆ 150 లోపలే ఉన్నాయి. అంటే ముందు ఆ కాగితం, తర్వాతే విమానం. రన్‌వే లేకుండా విమానానికి అడ్వాన్సు కట్టకండి.

చూడాల్సినవి ఏవి

అమ్మేవాళ్లు వేగం, రేంజ్, లోపలి తోలు సీట్లు చూపిస్తారు. మన దగ్గర నడపాలంటే నేను చూసే వరస వేరు.

మొదటిది ఇంధనం. కారు ఇంజిన్ లెక్కనే సిలిండర్లతో నడిచే పిస్టన్ ఇంజిన్ విమానాలు చాలావరకు తాగేది ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్, అంటే విమానాల పెట్రోల్. జెట్‌లు, టర్బోప్రాప్‌లు (జెట్ తరహా టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిప్పేవి) తాగేది ఏటీఎఫ్, అంటే కిరోసిన్ జాతిది. షంషాబాద్, తిరుపతి, విశాఖ, బెంగళూరు ఎక్కడికి పోయినా ఏటీఎఫ్ ట్యాంకర్ నిలబడి ఉంటుంది. ఏవీగ్యాస్ అలా కాదు, ఎక్కువగా ఫ్లయింగ్ స్కూళ్లున్న చోట కనిపిస్తుంది, చాలాచోట్ల డ్రమ్ముల్లోనే. 2022 దాకా మన దేశం దాన్ని పూర్తిగా బయట నుంచే తెచ్చుకునేది, ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ గుజరాత్‌లోని తన రిఫైనరీ నుంచి సొంతంగా తయారుచేసి విడుదల చేసింది. మంచి మార్పే. అయినా తిరుపతిలో దిగాక అక్కడ నింపుకోవచ్చన్న భరోసా లేకపోతే పోను రాను రెండు వైపుల నూనె ఇక్కడే పోసుకుని బయల్దేరాలి, ఆ బరువుకు రెండో మూడో సీట్లు ఖాళీగా పోతాయి. ఈ ఒక్క విషయం లాభనష్టాలను తలకిందులు చేస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. 100 ఎల్ఎల్‌లో సీసం కలుస్తుంది. అమెరికాలో 2030 చివరికల్లా సీసం ఇంధనం మానెయ్యాలన్నది లక్ష్యం, యూరప్‌లో ఆ సీసపు రసాయనం వాడకానికి 2025 మే నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. ఇరవై ఏళ్లు నడపాలని కొనే విమానం కాబట్టి ఇది పక్కన పెట్టే విషయం కాదు. సీసం లేని ఇంధనానికి ఆ ఇంజిన్ ఒప్పుకుంటుందా అని తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ రెండు ఇంధనాలు ఎంత వేరో చెప్పడానికి నేను రోజూ పొద్దున చేసిన పని చెప్తాను. రెక్క కింద డ్రెయిన్ నొక్కి గాజు కప్పులో కొంచెం పట్టి ఎండకెదురుగా ఎత్తి చూడాలి. ఏవీగ్యాస్ లేత నీలం, పలుచగా, అడుగున నీళ్లుంటే బుడగలా విడిగా కనబడుతుంది. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తాం. ఏవీగ్యాస్ అయితే నిమిషంలో ఎగిరిపోయి మరక మిగలదు, ఏటీఎఫ్ కలిసి ఉంటే జిడ్డు వలయం మిగులుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఏటీఎఫ్ పడితే టేకాఫ్ దాకా బాగానే ఉన్నట్టుండి ఫుల్ పవర్ మీద ఇంజిన్ దెబ్బతింటుంది. రెండు రకాల ఇంధనం ఉన్న చిన్న విమానాశ్రయంలో ఈ కాగితం పరీక్ష చేసే మనిషి మీకు జీతం మీద ఉండాలి.

రెండోది ఎండ. బ్రోషర్‌లో టేకాఫ్ దూరం సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో లెక్కగట్టి రాస్తారు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తు, మే నెలలో 42 డిగ్రీలు మామూలు. అప్పుడు గాలి పలుచబడి విమానానికి తాను 1,600 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది, దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని పిస్టన్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది, అంటే మన మే మధ్యాహ్నం 15 శాతం గాలిలో కలిసినట్టే. టర్బో ఉంటే ఇంజిన్ శక్తి నిలబడుతుంది కానీ రెక్క, ప్రొపెల్లర్ ఆ పలుచని గాలిలోనే పనిచేయాలి, కాబట్టి రన్‌వే ఎలాగూ ఎక్కువ తింటుంది. పైగా గాలితో చల్లబడే ఇంజిన్ అయితే ఎక్కేటప్పుడు సిలిండర్ల వేడి మీద కన్నేసి, అవసరమైతే ముక్కు దించి వేగం పెంచి చల్లార్చుకోవాలి.

మూడోది రెండో ఇంజిన్. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. రెండింట్లో ఒకటి ఆగితే సగం శక్తి పోతుంది, నిజమే, కానీ పైకెక్కే సామర్థ్యం సగం కాదు, 80 శాతం దాకా పోతుంది. ఎందుకంటే సమంగా ఎగరడానికే శక్తిలో పెద్ద భాగం ఖర్చవుతుంది, ఎక్కడానికి వాడేది ఆ పైన మిగిలిందే. నిండు బరువుతో, మే ఎండలో, టేకాఫ్ అయిన వెంటనే ఒక ఇంజిన్ ఆగితే పైలట్ చేతిలో మిగిలేది చాలా తక్కువ. కాబట్టి రెండు ఇంజిన్లున్నాయి కదా అని ధీమా పడకండి. ఆ బరువుకి, ఆ వేడికి ఒక్క ఇంజిన్ మీద నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతుందో మాన్యువల్‌లో పట్టిక తీసి చూడండి.

నాలుగోది స్పేర్లు, మనుషులు. నేను పనిచేసిన ఒకచోట రెండు ఇంజిన్ల ట్రైనింగ్ విమానం ప్రొపెల్లర్ తిరిగే వేగాన్ని సర్దే గవర్నర్ అనే ఒక్క భాగం కోసం నాలుగు నెలలు హ్యాంగర్‌లోనే ఉండిపోయింది. మేం వారానికోసారి ప్రొపెల్లర్ చేత్తో తిప్పి, టైర్లు జరిపి పెట్టేవాళ్లం. ఆ విమానం మీద గంటలు పూర్తిచేయాల్సిన పిల్లలు రోజూ వచ్చి తలుపు దగ్గర నిలబడి అడిగిపోయేవాళ్లు, వాళ్లకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. వంద విమానాలున్న కంపెనీకి ఒకటి ఆగితే తెలియదు. ఒకటే ఉన్నవాడికి సర్వీసు మొత్తం ఆగిపోతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

| విమానం | ఇంజిన్లు | ప్రయాణికులు | క్రూజ్ వేగం (గంటకు, సుమారు) | ఇంధనం |
|---|---|---|---|---|
| టెక్నామ్ పీ2012 | 2 పిస్టన్, టర్బో, ఒక్కోటి 375 హార్స్‌పవర్ | 9 | 320 కి.మీ. | ఏవీగ్యాస్ |
| ఐలాండర్ | 2 పిస్టన్, 260 లేదా 300 హార్స్‌పవర్ | 9 | 260 కి.మీ. | ఏవీగ్యాస్ |
| గ్రాండ్ కారవాన్ ఈఎక్స్ | 1 టర్బోప్రాప్, 867 హార్స్‌పవర్ | 9 నుంచి 14 | 340 కి.మీ. | ఏటీఎఫ్ |
| డోర్నియర్ 228 | 2 టర్బోప్రాప్ | 17 నుంచి 19 | 400 కి.మీ. | ఏటీఎఫ్ |
| డైమండ్ డీఏ62 | 2 డీజిల్, ఒక్కోటి 180 హార్స్‌పవర్ | 4 నుంచి 6 | 310 కి.మీ. | ఏటీఎఫ్ |

టెక్నామ్ పీ2012 ట్రావెలర్

దీని కథ తెలిస్తే దీని స్వభావం తెలుస్తుంది. అమెరికాలో కేప్ ఎయిర్ అనే చిన్న ఎయిర్‌లైన్ ఏళ్ల తరబడి సెస్నా 402లు నడిపింది. వాటి తయారీ 1985లోనే ఆగిపోయింది. ఆ పాత విమానాల స్థానంలోకి కొత్తది కావాలని వాళ్లు అడిగితే, కాపువాలో ఉన్న టెక్నామ్ వాళ్లతో మాట్లాడుతూ తయారుచేసింది. 2016 జులైలో మొదటిసారి ఎగిరింది, 2018 డిసెంబర్‌లో యూరప్ సర్టిఫికెట్, 2019లో అమెరికాది. అంటే రోజుకు పదిసార్లు ఎక్కి దిగే పని కోసమే పుట్టిన విమానం. చక్రాలు లోపలికి ముడుచుకోవు. దానివల్ల కొంచెం వేగం తగ్గినా హైడ్రాలిక్ తంటా లేదు, మెకానిక్‌గా నాకది పెద్ద ప్లస్. రెక్క పైన ఉంటుంది కాబట్టి ప్రయాణికులకు కింద పొలాలన్నీ కనబడతాయి, రాళ్లు ఎగిరి ప్రొపెల్లర్‌కు తగలడం తక్కువ.

ఇంధనం నేను వేసుకున్న లెక్క ఇది: రెండు ఇంజిన్లూ 65 శాతం పవర్ మీద నడిస్తే గంటకు 130 లీటర్ల దగ్గర. కారవాన్ 200 లీటర్ల చుట్టూ తాగుతుంది. లీటర్లు చూస్తే టెక్నామ్ గెలిచినట్టే కనిపిస్తుంది, కానీ ఏవీగ్యాస్ లీటరు ధర, ఏటీఎఫ్ లీటరు ధర ఒకటి కావు. మీకు సరఫరా చేసేవాళ్ల దగ్గర రెండు రేట్లూ రాయించుకుని గుణించండి, అప్పుడు ఆ తేడా ఎంత మిగులుతుందో తెలుస్తుంది. చిన్న ఊళ్ల విమాన సర్వీసులకు కేంద్రం సాయమిచ్చే ఉడాన్ పథకంలో, దాని కిందికి వచ్చే విమానాశ్రయాల్లో వ్యాట్ ఒక శాతానికి తగ్గించాలని రాష్ట్రాలకు పెట్టిన షరతు ఏటీఎఫ్ గురించి, అదీ గుర్తుంచుకోండి.

తొమ్మిది మంది, వాళ్ల సామాన్లు, ఫుల్ ట్యాంకు మూడూ ఒకేసారి కుదరవు, టేకాఫ్ బరువు సుమారు 3,600 కిలోల దగ్గర ఆగిపోతుంది. తిరుపతికి ఒక వైపు ప్రయాణమైతే ట్యాంకు నిండా అవసరం లేదు, ఇబ్బంది లేదు. రెండు వైపుల నూనె మోస్తేనే సమస్య. క్యాబిన్ ప్రెషర్ లేదు కాబట్టి పదివేల అడుగుల లోపలే ఎగరాలి, ఎండాకాలం మధ్యాహ్నం నల్లమల మీదుగా పోతే కుదుపులు గట్టిగానే ఉంటాయి. గుండె జబ్బున్న పెద్దవాళ్లను, చంటిపిల్లల తల్లులను పొద్దున ఆరు గంటల సర్వీసులోనే ఎక్కించుకోండి.

ఐలాండర్

1965లో మొదటిసారి ఎగిరిన విమానం, ఇప్పటికీ స్కాట్లాండ్ ద్వీపాల మధ్య 2.7 కిలోమీటర్ల రూటులో తిరుగుతోంది, ప్రపంచంలోనే అతి చిన్న సర్వీసు అది. మన నేవీ కూడా వాడింది. చిన్న రన్‌వే, మట్టి రన్‌వే అయినా సర్దుకుంటుంది, ఇంజిన్ సాదాసీదాది, లైకమింగ్ కంపెనీ ఇంజిన్లు తెలిసిన మెకానిక్ ఎవరైనా విప్పి బిగించగలడు. కానీ వేగం తక్కువ, లోపల మోత ఎక్కువ, మామూలు మోడళ్లలో టర్బో లేదు. 380 కిలోమీటర్ల తిరుపతి రూటుకు, 42 డిగ్రీల ఎండకు నేనైతే దీన్ని ఎంచుకోను. పదిహేను, ఇరవై నిమిషాల ద్వీపాల రూట్లలో దీన్ని మించింది లేదు, మనకు ఆ రూట్లు లేవు.

గ్రాండ్ కారవాన్

ఒక్క ఇంజిన్ అనగానే మనవాళ్లు భయపడతారు. ఆ ఒక్క ఇంజిన్ పీటీ6 అనే టర్బోప్రాప్. పాత కారవాన్‌లలోని పీటీ6 రకానికి ఓవర్‌హాల్, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడం, 3,600 గంటలకు ఒకసారి, విమానాల్లోని మామూలు లైకమింగ్ పిస్టన్ ఇంజిన్లకు 2,000 గంటల చుట్టూ. వేడిలోనూ చెప్పిన శక్తి ఇచ్చేలా కొంత వెనక పెట్టుకుని రేటింగ్ ఇస్తారు కాబట్టి మే నెల దీన్ని అంతగా వేధించదు. ఒక ఇంజిన్ ఉన్న విమానాలకు స్టాల్ వేగం (ఇంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) 61 నాట్ల లోపే, అంటే గంటకు 113 కిలోమీటర్ల లోపే, ఉండాలని నిబంధన పెట్టారు, ఇంజిన్ ఆగినా మెల్లగా దిగడానికి. పాలమూరు నుంచి బెంగళూరు వైపు కర్నూలు, అనంతపురం మీదుగా పోతే కింద ఎక్కువగా మెట్ట భూములు, దిగే చోటు వెతుక్కోవచ్చు. నల్లగొండ నుంచి తిరుపతికి నల్లమల అంచున, చివర్లో శేషాచలం పక్కన పోతే ఆ ధైర్యం నాకు రాదు. రూటును బట్టి ఒక్క ఇంజిన్ మీద నా అభిప్రాయం మారుతుంది, అందుకే మొదట రూటు గురించి అంత చెప్పాను.

ఇంధనం ఎక్కడైనా దొరుకుతుంది, వేడికి తట్టుకుంటుంది, ప్రపంచమంతా ఉంది కాబట్టి స్పేర్లకు టెన్షన్ తక్కువ. కొనే ధర మాత్రం గట్టిగానే ఉంటుంది, టర్బైన్ ఇంజిన్ పాడైతే వచ్చే బిల్లు చూసి చిన్న పెట్టుబడిదారుడు తట్టుకోలేడు. ఇంజిన్ రిజర్వు డబ్బు ప్రతి గంటకూ పక్కన పెట్టకుండా దీన్ని నడపకూడదు.

డోర్నియర్ 228

కాన్పూర్‌లో కట్టేది, 2022 ఏప్రిల్‌లో అలయన్స్ ఎయిర్ దీంతోనే దిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసిఘాట్‌కు సర్వీసు మొదలుపెట్టింది. తయారీదారు మన దేశంలోనే ఉండడం నిజంగా పెద్ద బలం. అయితే పదిహేడు సీట్లు రోజూ నిండాలి. నల్లగొండ, పాలమూరు నుంచి మొదటి ఏడాది రోజుకు పదిహేడు మంది తిరుపతికి విమాన టికెట్ కొంటారని నేను నమ్మలేను. పండుగలకు, బ్రహ్మోత్సవాలకు నిండుతుంది, మామూలు మంగళవారం నిండదు. ప్రభుత్వ సాయం గట్టిగా ఉండి, రెండు జిల్లాల ప్రయాణికులను ఒకే సర్వీసులో కలపగలిగితే అప్పుడు ఆలోచించండి.

డైమండ్ డీఏ62

సర్వీసు విమానం కాదిది, చార్టర్‌కు, శిక్షణకు. దీని డీజిల్ ఇంజిన్లకు మూలం మెర్సిడెస్ కారు ఇంజిన్, నీటితో చల్లబడతాయి, ఏటీఎఫ్ తాగుతాయి. చిన్న విమానంలో రెండు ఇంజిన్లు కావాలి, ఏవీగ్యాస్ తలనొప్పి వద్దు అనేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు నాకు కనబడలేదు. సీట్లు చూసి మోసపోకండి, వెనక రెండు సీట్లు పిల్లలకే, ఆరుగురు పెద్దలు సామాన్లతో ఎక్కితే బరువు లెక్క కుదరదు.

మరి ఎవరికి ఏది

మా బావ స్నేహితుల్లాంటి వాళ్లకు, అంటే ఒకటే విమానం, ఒకటే రూటు, సొంత డబ్బు ఉన్నవాళ్లకు: తిరుపతిలో ఏవీగ్యాస్ ఏడాది పొడవునా దొరుకుతుందని రాతపూర్వక ఒప్పందం తెచ్చుకోగలిగితే టెక్నామ్. తెచ్చుకోలేకపోతే కారవాన్, అదీ బెంగళూరు రూటులో. డబ్బు లెక్క ఒకటి చెప్తాను. ఉడాన్ మొదటి నిబంధనల్లో విమానం సీట్లలో సగం, కనీసం 9, గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితిలో అమ్మాలని ఉండేది. తొమ్మిది సీట్ల విమానంలో అంటే అన్ని సీట్లూ ఆ ధరకే, నిండితే 22,500, ఆరుగురే ఎక్కితే 15,000. ఇంధనం, ఇద్దరు పైలట్లు, ల్యాండింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, ఇంజిన్ రిజర్వు అందులోంచే. ఖర్చుకూ టికెట్ డబ్బుకూ మధ్య తేడా కింద ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఆ నిబంధనల్లో మూడేళ్ల వరకే, నాలుగో ఏడాది లెక్క ఇప్పుడే వేసుకోండి. పథకం నిబంధనలు విడతవిడతకూ మారుతున్నాయి, మీరు అప్లై చేసే విడతవి చదవండి.

పైలట్ శిక్షణకు పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు కూడా నన్ను అడుగుతుంటారు, ఏ ట్విన్, అంటే ఏ రెండు ఇంజిన్ల విమానం మీద రేటింగ్ (నడిపే అర్హత) చేయిస్తే మంచిదని. మోడల్ కన్నా ఆ స్కూల్లో ఆ విమానం పోయిన ఆరు నెలల్లో ఎన్ని రోజులు ఎగిరిందో లాగ్‌బుక్ చూపించమనండి. చూపించకపోతే ఫీజు కట్టకండి. మా హ్యాంగర్ తలుపు దగ్గర నిలబడిన పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు.

ఊరికే ఆసక్తితో, మా జిల్లాకు విమానం ఎప్పుడొస్తుందో అని ఎదురుచూసేవాళ్లకు: అడగాల్సింది పెద్ద టెర్మినల్ కాదు, రెండు రకాల ఇంధనమూ ఉండే విమానాశ్రయం.

చివరిగా మా బావకు చెప్పింది. ఏ కంపెనీ అయినా డెమో ఫ్లయిట్ ఇస్తామంటే డిసెంబర్ పొద్దున ఒప్పుకోకండి. మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి పెట్టమనండి. తొమ్మిది సీట్లలో తొమ్మిది మంది పెద్దవాళ్లను కూర్చోబెట్టండి, ఒక్కొక్కరి ఒళ్లో పది కిలోల సంచి, వడ్లు అయినా సరే. రన్‌వే పక్కన ఒక మనిషిని నిలబెట్టి చక్రాలు ఎక్కడ నేల విడిచాయో సున్నంతో గీత గీయించండి, తర్వాత టేపు పెట్టి కొలిచి ఆ అంకె బ్రోషర్ అంకె పక్కన రాసుకోండి.